మన పేర్లున్న మనుషులు: ఇంట్లో చూడదగిన పరభాషా చిత్రాలు

(వేసవి సెలవుల ఆరంభంలో రామారెడ్డిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ వేదిక మీద నుండి మేము సాధారణంగా ఏ విషయాలు మాట్లాడుతామో మీకు తెలుసు. బీసీ-ఈ ధ్రువపత్రం ఎలా పొందాలి, స్కాలర్‌షిప్ దరఖాస్తులో తండ్రి పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఎందుకు రాయాలి, ఓటరు జాబితాలో పేరు గల్లంతైతే ఎవరిని కలవాలి, ఖబ్రస్తాన్ భూమి రికార్డులు ఎక్కడ వెతకాలి. గుమాస్తాగా పదవీ విరమణ చేసినవారికి ఇంతకంటే వేరే విద్య ఏముంటుంది? అందుచేత ఈ పర్యాయం సినిమాలను గురించి మాట్లాడుతామని చెప్పగానే నిర్వాహకులు కొంత తటపటాయించారు. ఒక మిత్రుడైతే, "సాబ్, పింఛను వచ్చినాక మీకు సినిమాల శోకు పట్టిందా?" అని నవ్వాడు. ఆ నవ్వులో తప్పు లేదు. కానీ ఈ విషయం కూడా ఆ దరఖాస్తుల వరుసలోనిదేనని మేము భావిస్తున్నాము. ఎందుకో ముందుగా చెప్పుకోవాలి.

మా మనవడు కామారెడ్డిలో ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడవ తరగతి చదువుతున్నప్పటి సంగతి ఇది. ఒక సాయంత్రం వాని కోసం బస్టాండులో నిలబడ్డాము. నలుగురు స్నేహితులతో కలిసి వచ్చాడు. అలవాటుగా, "అస్సలాము అలైకుమ్, బేటా" అన్నాము. వాడు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఇక్కడ వద్దు, దాదా" అన్నాడు. ఇంటికి వచ్చిన తరువాత వాని దాదీ బుజ్జగించి అడిగితే గాని విషయం బయటపడలేదు. ఆ వారం విడుదలైన ఒక సినిమాలో బాంబు పెట్టేవాని పేరూ, మావాని పేరూ ఒకటే. తరగతిలో ముగ్గురు పిల్లలు ఆ సినిమా మాటలతో వానిని పిలవడం మొదలుపెట్టారు. కొట్టలేదు, తిట్టలేదు, ఆటపట్టించారు, అంతే. మేము బడికి వెళ్ళి మాట్లాడాము. పిల్లలన్న తరువాత ఇటువంటివి మామూలేనని అక్కడివారు చాయ్ ఇచ్చి పంపారు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు వేల అర్జీలు చదివాము, ఏ అర్జీ ఏ అధికారి బల్ల మీదికి పోవాలో కళ్ళు మూసుకొని చెప్పగలిగేవారము. తన పేరు విని తానే తలదించుకొన్న బాలుని అర్జీని ఏ కార్యాలయంలో దాఖలు చేయాలో మాత్రం మాకు తోచలేదు.

తెర మీద మన మనిషి ఎలా కనబడతాడో మీకు వివరించనవసరం లేదు. పాతబస్తీలో కత్తి పట్టుకొన్న రౌడీ ఒకడు. కథానాయకుని ప్రాణస్నేహితుడై, విరామానికి ముందే చనిపోయే మంచి ఖాన్ ఒకడు. ఇక మిగిలినవాడు సుర్మా, గడ్డం, తుపాకీ. మన దక్కనీ ఉర్దూ అయితే నవ్వించడానికే పుట్టిన భాష అన్నట్టు వాడుకొంటారు. బీడీ ఆకు కత్తిరిస్తూ కూతురి ఫీజు లెక్క వేసుకొనే ఖాలా ఏ సినిమాలో ఉంది? ట్రాక్టరు కింద పడుకొని నట్లు బిగిస్తూ జుమా నమాజుకు వేళవుతోందని గడియారం చూసుకొనే మేస్త్రీ ఎక్కడున్నాడు? ఈ సభలో కూర్చొన్న వారిలో సగం మందికి తెర మీద చోటు లేదు. మనవాడు తుపాకీతో కనబడటం ఒక బాధ. తుపాకీ లేకుండా మనవాడు అసలే కనబడకపోవడం అంతకంటే పెద్ద బాధ అని మా అభిప్రాయం.

సినిమా చూడవచ్చునా, కూడదా అనే ప్రశ్న ఇక్కడ కొందరి మనసులో ఉన్నదని తెలుసు. మేము ముఫ్తీలము కాము, ఫత్వా చెప్పే అర్హత మాకు లేదు. చూడకూడదని నమ్మి, ఇంట్లో ఏ తెరా లేకుండా బ్రతుకుతున్న కుటుంబాల పట్ల మాకు గౌరవం ఉన్నది. అటువంటి ఇళ్ళు ఈ మండలంలో ఎన్ని మిగిలాయో మీరే లెక్కించుకోండి. మిగతా ఇళ్ళలో రాత్రి ఇషా తరువాత ఏం జరుగుతోంది? అబ్బా ఒక మూల, అమ్మీ ఒక మూల, పిల్లలు దుప్పటి కింద, ఎవరి ఫోను వారిది. ఏది చూడాలో ఇంటి పెద్ద నిర్ణయించడం లేదు, ఫోనే నిర్ణయిస్తోంది. మా మాటలు ఆ ఇళ్ళ కోసం.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. 1980లలో సౌదీ నుండి, దుబాయి నుండి సెలవు మీద వచ్చిన మనవాళ్ళు టూ-ఇన్-వన్‌తో పాటు వీసీఆర్ తెచ్చేవారు. ఒక ఇంట్లో వీసీఆర్ ఉంటే గల్లీ అంతా ఆ ఇంట్లోనే ఉండేది. ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్‌లో ప్రాంతీయ భాషా చిత్రం వచ్చేది, ఒక వారం బెంగాలీ, ఒక వారం మలయాళం, ఒక వారం కన్నడం. కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగెత్తేవి. అందులో సగం అర్థమయ్యేది కాదు, అయినా కదలకుండా చూసేవారము. పరభాషా చిత్రం మనకు కొత్త అని ఎవరైనా అంటే మేము ఒప్పుకోము.

ఇంకొక సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. 1931లో మన దేశపు తొలి టాకీ 'ఆలం ఆరా'ను నిర్మించినవారు బొంబాయిలోని పార్సీ పెద్దమనిషి అర్దేషిర్ ఇరానీ. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'ను హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో నిర్మించినవారూ ఆయనే. 1933లో తొలి ఫార్సీ టాకీ 'దొఖ్తరె లోర్' కూడా ఆయన కంపెనీలో, బొంబాయిలోనే తయారై ఇరాన్‌కు వెళ్ళింది. తెలుగు మాట, ఉర్దూ మాట, ఫార్సీ మాట ఒకే కంపెనీలో తెర మీద నోరు తెరిచాయి. కాబట్టి ఇరాన్ సినిమాను మేము పరాయిదిగా తలచము, దూరపు చుట్టంగా తలుస్తాము.

ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో మా ఇంట్లోనే తెలిసింది. పైన చెప్పిన బస్టాండు సంగతి జరిగిన తరువాత, ఒక గురువారం రాత్రి, మజీద్ మజీదీ 1997లో తీసిన 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' అనే చిత్రాన్ని ఇంటిల్లిపాదీ కలిసి చూశాము. ఫార్సీలో దాని పేరు 'బచ్చెహాయె ఆస్మాన్'. టీవీలో ఆ పేరు వినగానే వాని దాదీ, "బచ్చే, ఆస్మాన్... ఇది మన మాటే కదా!" అన్నారు. ఆమెకు ఉర్దూ తప్ప మరొక అక్షరం రాదు. కింద పరుగెత్తే ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు ముగ్గు గీతలతో సమానం. మైనారిటీ గురుకులంలో చదివే మనవరాలు సెలవులకు వచ్చి ఉన్నది. ఆ అక్షరాలను ఆమె చదివి తెలుగులో చెప్పేది, దాదీ ఏమో ఆమె చెప్పక ముందే కొన్ని మాటలు పట్టుకొనేది. మస్జిద్, బాజార్, దుకాన్, నాన్, మాదర్, బరాదర్. ఇద్దరి మధ్య పోటీ మొదలైంది. ఆ రాత్రి మా ఇంట్లో ఫార్సీ వచ్చినవారు ఎవరూ లేరు, అయినా అందరూ పండితులయ్యారు.

కథ చిన్నది. అలీ అనే తొమ్మిదేళ్ళ బాలుడు చెల్లెలు జహ్రా బూట్లను మేస్త్రీ దగ్గర కుట్టించుకొని వస్తూ కూరగాయల దుకాణం దగ్గర పోగొడతాడు. ఇంటి కిరాయి బాకీ ఉన్నది, తల్లికి ఆరోగ్యం బాగాలేదు. తండ్రికి చెబితే దెబ్బల కంటే ఆయన దిగులే ఎక్కువని పిల్లలకు తెలుసు. అందుచేత అన్న బూట్లనే ఇద్దరూ వాడుకొంటారు. ఉదయం బడికి జహ్రా వేసుకొని పోయి, పరుగెత్తుకొంటూ వచ్చి గల్లీ మలుపులో విప్పి ఇస్తే, మధ్యాహ్నం బడికి అలీ వేసుకొని పరుగెత్తుతాడు. ఇందులో ఒక్క దుర్మార్గుడు లేడు. ఒక రోజు తన బూట్లు వేరొక అమ్మాయి కాళ్ళకు ఉండటం జహ్రా చూస్తుంది. అన్నాచెల్లెళ్ళు ఆ ఇంటి దాకా వెంబడిస్తారు. ఆ అమ్మాయి తండ్రికి చూపు లేదని కనబడుతుంది. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండా వెనుదిరుగుతారు. సర్దుబాటు గురించి, ఓర్పు గురించి మనం పిల్లలకు ఎన్ని తఖ్రీర్లు చెబితే ఆ ఒక్క నిమిషానికి సరితూగుతాయి?

మాకు మరీ నచ్చిన దృశ్యం వేరే ఉన్నది. తండ్రి ఇంట్లో కూర్చొని మస్జిదు వారి చక్కెర గడ్డలను చిన్న ముక్కలుగా కొడుతుంటాడు. ఎదురుగా కుప్పపడిన చక్కెర. జహ్రా చాయ్ తెచ్చి ఇస్తుంది. చక్కెర ఏదమ్మా అంటాడు. ఇంత చక్కెర నీ ముందే ఉన్నది కదా అంటుంది పాప. ఇది మస్జిదుది, మనకు అప్పగించిన సొమ్ము అని తండ్రి చెప్పి, ఇంటి చక్కెర తెమ్మంటాడు. అమానత్ అనే మాటకు అర్థం చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం మాకు ఎక్కడా దొరకలేదు. ఆ చక్కెర గడ్డను ఫార్సీలో ఖంద్ అంటారు. మన తెలుగు కలకండలోని కండకూ దానికీ మూలం ఒకటే, సంస్కృతంలోని ఖండం. మాటలు వీసా లేకుండా తిరుగుతాయి.

ఇరాన్ నుండి విదేశీ చిత్రాల విభాగంలో ఆస్కార్ తుది జాబితాకు చేరిన మొదటి చిత్రం ఇదే. 2010లో ప్రియదర్శన్ దీనిని హిందీలో 'బమ్ బమ్ బోలే' పేరుతో తీశారు. అసలు దొరికినప్పుడు అసలే చూడండి. చివరి పరుగుపందెంలో ఏమవుతుందో మేము చెప్పము. మొదటి బహుమతి గెలిచిన పిల్లవాడు ఎందుకు ఏడుస్తాడో మీ పిల్లలనే మీకు చెప్పనివ్వండి.

రెండవ చిత్రం అబ్బాస్ కియరోస్తామీ 1987లో తీసిన 'ఖానెయె దోస్త్ కొజాస్త్', అనగా స్నేహితుని ఇల్లు ఎక్కడ అని. దీనిని మేము మూడుసార్లు చూశాము, మూడవసారి గుమాస్తా కళ్ళతో చూశాము. అహ్మద్ అనే పిల్లవాడు పొరపాటున పక్కవాని నోటుపుస్తకాన్ని ఇంటికి తెచ్చుకొంటాడు. మరొకసారి పుస్తకంలో కాక విడి కాగితం మీద హోంవర్కు రాసుకొస్తే బడి నుండి తీసివేస్తానని ఉపాధ్యాయుడు ఆ స్నేహితుని ఆ రోజే హెచ్చరించి ఉన్నాడు. అహ్మద్‌కు స్నేహితుని ఊరి పేరు తెలుసు, ఇల్లు తెలియదు. కొండ మీద వంకరటింకర దారి వెంట పుస్తకం పట్టుకొని పరుగెత్తుతాడు. పెద్దవాళ్ళెవరూ వాని మాట పూర్తిగా వినరు. తల్లికి పనులు, తాతకు క్రమశిక్షణ గురించిన గొప్పలు. పిల్లవానికి చిల్లర డబ్బు ఇవ్వడం మరిచినా ఫరవాలేదు, దెబ్బలు మాత్రం మరువరాదనే తాత ఆయన. ఆ తాతను చూసి మా ఇంట్లో అందరూ మా వైపు చూశారు.

ఫార్సీలో నోటుపుస్తకాన్ని దఫ్తర్ అంటారు. హోంవర్కును మష్ఖ్ అంటారు. ఆ మాట వినగానే మాకు ఒళ్ళు జలదరించింది. దఫ్తరు అంటే మనకు కార్యాలయం, బట్టలో మూటగట్టిన రికార్డు. నిజాం రాజ్యంలో 1880ల దాకా ప్రభుత్వ వ్యవహారాలు ఫార్సీలోనే నడిచాయి. ఆ మాటలు మన దగ్గర ఇప్పటికీ పోలేదు. పహాణీ, జమాబందీ, తహసీల్, పేష్కార్, దస్తావేజు. మూడు దశాబ్దాలకు పైగా మేము కూర్చొన్న దఫ్తరు, ఆ పసివాడు చంకలో పెట్టుకొని కొండ ఎక్కిన దఫ్తరు ఒకటే మాట. వాడు ఒక స్నేహితుని నోటుపుస్తకం కోసం సాయంత్రమంతా తిరిగాడు. మా బల్ల ముందు నిలబడి, రేపు రమ్మంటే వెళ్ళిపోయిన ముసలివాళ్ళు ఎందరు ఉన్నారో ఆ రాత్రి గుర్తుకు వచ్చింది. అది మా సొంత లెక్క, ఇక్కడితో వదిలేస్తాము.

ఆ చిత్రాన్ని మాతో కలిసి చూసిన పొరుగువారు ఒకరు పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, మన మతం వారు కారు. చూసి, "మా తాత కూడా అచ్చం ఇంతే, పేరు ఒక్కటే తేడా" అన్నారు. కాబట్టి ఇవి మనవారికే చూపవలసిన చిత్రాలు అనుకోవద్దు. గోడకు అవతలివారినీ పిలవండి.

ఇక కొంచెం కష్టమైన చోటికి వస్తున్నాము. అమ్మాయిలున్న ఇళ్ళలో 'వజ్దా' చూడమని మా సిఫారసు. 2012లో హైఫా అల్ మన్సూర్ అనే సౌదీ మహిళ తీసిన అరబ్బీ చిత్రం, పూర్తిగా సౌదీ అరేబియాలోనే చిత్రీకరించిన మొదటి కథాచిత్రం. వీధిలో మగవారి మధ్య నిలబడి పని చేయించే వీలు లేనిచోట ఆమె వ్యానులో కూర్చొని, వాకీటాకీ ద్వారా దర్శకత్వం చేశారు. కథ రియాద్‌లోని పదేళ్ళ పాప వజ్దాది. ఆమెకు ఆకుపచ్చ సైకిలు కావాలి. ఆడపిల్లకు సైకిలేమిటి అంటారు. డబ్బు కోసం ఆమె బడిలో జరిగే ఖుర్ఆన్ పఠన పోటీలో పేరు ఇస్తుంది. మొదట డబ్బు కోసం, తరువాత తిలావత్ అందం ఆమెకే పట్టుబడుతుంది. మన వాళ్ళు ఏళ్ళ తరబడి పని చేసి వచ్చిన రియాద్ అది. కానీ ఆ ఇళ్ళ లోపలి గదులను వారు ఎన్నడూ చూడలేదు. అదే రాజ్యంలో మూడు దశాబ్దాలకు పైగా మూసి ఉన్న సినిమా హాళ్ళు 2018 ఏప్రిల్‌లో తెరుచుకొన్నాయి.

ఇటువంటి చిత్రం చూసినప్పుడు ఒక అభ్యంతరం వస్తుంది, వచ్చింది కూడా. "అసలే బయటివారు మనలను బదనాం చేస్తున్నారు, మన లోపాలను మనమే తెర మీద చూసుకోవాలా?" అని. ఇది కొట్టివేయదగిన మాట కాదు. దెబ్బ తగిలినవాడు తన మీద నవ్వు కూడా దెబ్బేమో అనుకొంటాడు. కానీ బయటివాడు మన లోపం చూపేటప్పుడు ఆ లోపం తప్ప మనలో మరేమీ లేనట్టు చూపుతాడు. ఇంటివాడు చూపేటప్పుడు అదే మనిషి నమాజు, ప్రేమ, పరిహాసం, అప్పు, అలసట అన్నీ కనబడతాయి. వజ్దా తల్లిని చూడండి. ఆమెను చూసి ఎవరూ ఇస్లాంను తిట్టరు, ఆమెను మన ఖాలాజాన్ అనుకొంటారు. గౌరవం అంటే మంచివారిగా మాత్రమే చూపమని అడగడం కాదని, పూర్తి మనుషులుగా చూపమని అడగడమని మేము ఆలస్యంగా తెలుసుకొన్నాము.

ఈ వాదం మన లోపల కూడా ఎంత పాతదో 'మాటిర్ మొయినా' చూస్తే తెలుస్తుంది. 2002లో బంగ్లాదేశ్ దర్శకుడు తారిఖ్ మసూద్ తీసిన బెంగాలీ చిత్రం. పేరుకు అర్థం మట్టి గోరువంక. తూర్పు పాకిస్తాన్ చివరి రోజులలో మదరసాకు పంపబడిన అను అనే బాలుని కథ. అందులో కఠినుడైన గురువు ఉన్నాడు, దయగల గురువు ఉన్నాడు. రెండవవానిని చూపడానికే మేము దీనిని సిఫారసు చేస్తాము. మతభావాలు దెబ్బతింటాయని అక్కడ మొదట దీనిని నిషేధించారు, తరువాత అనుమతి వచ్చింది. అదే ఏడాది కేన్స్ చిత్రోత్సవంలో విమర్శకుల బహుమతి పొందింది. ఆ దర్శకుడు 2011లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. మదరసాలో చదివిన పిల్లలకు, చదవని పిల్లలకు కలిపి చూపండి. తరువాత గంటసేపు మీరు మాట్లాడనవసరం లేదు, వారే మాట్లాడుకొంటారు.

అస్గర్ ఫర్హాదీ 2011లో తీసిన 'ఎ సెపరేషన్' పెద్దల కోసం. దాని ఫార్సీ పేరులో మొదటి మాట జుదాయి, దానికి అనువాదం అక్కరలేదు. మరుసటి ఏడు ఆస్కార్ గెలిచింది. మతిమరుపు వ్యాధితో బాధపడే తండ్రిని వదలలేని కొడుకు, బిడ్డ భవిష్యత్తు కోసం దేశం విడవాలనే భార్య, ఆ ముసలాయనను చూసుకోవడానికి వచ్చిన పేదరాలు రజియా. ముసలాయన బట్టలు పాడు చేసుకొన్నప్పుడు పరాయి పురుషుని శుభ్రపరచడం పాపమా అని ఆమె ఫోను చేసి ఆలిమును అడుగుతుంది. కథ కోర్టుకు చేరుతుంది. ఆ ఇరుకు గదులు, ఫైళ్ళు, అందరూ ఒకేసారి మాట్లాడటం చూసి ఇది మన జిల్లా కేంద్రమే అనిపించింది. చివరకు డబ్బు బల్ల మీద ఉన్నప్పుడు ఖుర్ఆన్ మీద చేయి వేసి ప్రమాణం చేయమంటే, అప్పుల్లో మునిగి ఉన్న ఆ రజియా ఏం చేసిందో చూడండి. దీనుదారీ అనే మాట మనం తేలికగా వాడుతాము.

మిగిలినవి త్వరగా చెబుతాము. అబ్దుర్రహ్మాన్ సిస్సాకో 2014లో తీసిన 'టింబక్టు'లో సాయుధ మూకలు ఒక ముస్లిం పట్టణాన్ని ఆక్రమిస్తాయి. మస్జిదులోకి తుపాకులతో, పాదరక్షలతో వచ్చినవారిని ఇమాం నిలదీస్తాడు. ఫుట్‌బాల్ నిషేధిస్తే పిల్లలు బంతి లేకుండానే ఆడతారు. ఉగ్రవాదం వల్ల ముందుగా నష్టపోయినది ఎవరో తెలుస్తుంది. కానీ అందులో రాళ్ళతో కొట్టి చంపే దృశ్యం ఉన్నది, పిల్లలకు వద్దు. విదేశం కాకపోయినా పరభాషే కనుక మలయాళంలో 2018 నాటి 'సుడానీ ఫ్రమ్ నైజీరియా' చేరుస్తాము. మలప్పురంలో ఫుట్‌బాల్ ఆడటానికి వచ్చి గాయపడిన ఆఫ్రికా యువకునికి ఇద్దరు ముసలి ఉమ్మాలు సేవ చేస్తారు, భాష రాదు, పిల్లవాడు మాత్రం వారికి పిల్లవాడే. బెన్యామిన్ నవల ఆధారంగా 2024లో వచ్చిన 'ఆడుజీవితం' మన జిల్లా కథే అనవచ్చు, ఎడారిలో గొర్రెల దొడ్డిలో చిక్కుకొన్న గల్ఫ్ కూలీ కథ. మా గల్లీలో ఒక తమ్ముడు దానిని సగంలో వదిలి లేచి బయటకు వెళ్ళి కూర్చొన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. గల్ఫ్ నుండి అలా వచ్చినవారు ఇంట్లో ఉంటే ముందుగా వారిని అడిగి పెట్టండి.

ఫలస్తీన్ గురించి పిల్లలు అడుగుతున్నారు, ఫోనులో చూడరానివన్నీ చూస్తున్నారు. రక్తం చూపకుండా పరిస్థితి చెప్పే చిత్రం ఒకటి ఉన్నది. ఫరా నబుల్సీ 2020లో తీసిన 'ది ప్రెజెంట్', సుమారు 25 నిమిషాలు. యూసుఫ్ అనే తండ్రి పెళ్ళిరోజుకు భార్య కోసం ఫ్రిజ్ కొనాలని చిన్న కూతురు యాస్మీన్‌తో బజారుకు బయలుదేరుతాడు. మధ్యలో సైనికుల తనిఖీ కేంద్రం. అంతే కథ. ఒక ఫ్రిజ్ ఇంటికి చేరడం ఎంత కష్టమో చూసిన తరువాత మా మనవడు చాలాసేపు మాట్లాడలేదు. పెద్ద పిల్లలకు 'ఫైవ్ బ్రోకెన్ కెమెరాస్' కూడా చూపవచ్చు. బిల్ఇన్ గ్రామ రైతు ఇమాద్ బుర్నాత్ 2005లో నాల్గవ కొడుకు పుట్టినప్పుడు కెమెరా కొని, ఊరి పొలాల పోరాటాన్ని చిత్రించాడు. ఒకటి తరువాత ఒకటి ఐదు కెమెరాలు పగిలాయి. దానికి సహదర్శకుడు గై దవిదీ ఇజ్రాయెల్ దేశస్థుడు. ఈ మాట పిల్లలకు తప్పక చెప్పండి.

ఎలా చూడాలన్నది కూడా కొంత చెప్పవలసి ఉన్నది. ముందుగా పెద్దలలో ఒకరు ఒంటరిగా చూసి ఉండాలి. ఫోనులో వద్దు, ఫోనును టీవీకి కలిపి అందరూ ఒకే తెర చూడండి. కింద అక్షరాలను చదివే పని ఇంట్లో చిన్నవారికి అప్పగించండి. మొదటి పది నిమిషాలు తడబడతారు, తరువాత ఆపమన్నా ఆపరు. మా మనవరాలి ఇంగ్లీషు ఈ వేసవిలో బాగుపడితే ఆ పుణ్యంలో కొంత కియరోస్తామీకి చెందుతుంది. మధ్యలో ఆపి ఉపన్యాసం ఇవ్వకండి. ఇది మాకు మేమే చెప్పుకొంటున్నాము. ఏ చిత్రం ఏ యాప్‌లో ఉన్నదో నెలనెలా మారుతుంది కనుక అసలు పేరుతో వెతకండి. కొన్నింటికి కిరాయి కట్టవలసి వస్తుంది, రెండు మూడు కుటుంబాలు ఒక ఇంట్లో కూడితే భారం కాదు. దొంగ లింకులు పంపే కుర్రవాళ్ళు ప్రతి గల్లీలో ఉన్నారు. మస్జిదు చక్కెర ముట్టని తండ్రి కథను దొంగ ప్రతిలో చూడటం ఎలా ఉంటుందో ఆలోచించండి.

మా మనవడు మారిపోయాడా అని అడుగుతారేమో. అలా అని మేము చెప్పము. ఇప్పుడు తొమ్మిదవ తరగతి. బస్టాండులో మేము ఎదురైతే ఇంకా మా కంటే ముందు చుట్టూ చూస్తాడు. మొన్న ఒక రోజు మాత్రం స్నేహితుడొకనిని ఇంటికి తెచ్చి, "వీనికి ఆ బూట్ల సినిమా పెట్టండి, దాదా" అన్నాడు. ఆ స్నేహితుడు ఒకప్పుడు ఆటపట్టించిన ముగ్గురిలో ఒకడని దాదీ తరువాత మా చెవిలో చెప్పారు. పెట్టాము. ఇద్దరూ పరుగుపందెం దాకా చూశారు. ఆ తరువాత ఏం మాట్లాడుకొన్నారో మేము వినలేదు, ఆ సమయానికి మేము అస్ర్ నమాజుకు వెళ్ళాము.

వచ్చే శుక్రవారం ఇషా తరువాత మా ఇంట్లో 'ది ప్రెజెంట్' చూపుతున్నాము. ఆడవారికి లోపలి గదిలో ఏర్పాటు ఉన్నది, అక్కడి నుండి తెర బాగానే కనబడుతుంది. అక్షరాలు చదవడానికి ఎనిమిదవ తరగతి దాటిన పిల్లలు ఇద్దరు కావాలి, పేర్లు ఈ రోజే ఇవ్వండి. చాపలు తక్కువగా ఉన్నాయి, వీలున్నవారు వెంట తెచ్చుకోవలెను. చాయ్ మాది.